ముందు ధర్మరాజు, తర్వాత అర్జునుడు

వేసవి సెలవులొస్తున్నాయంటే చాలు, పిల్లల శిబిరాల కరపత్రాలు పేపర్లో మడిచి ఇంటికి వచ్చేస్తుంటాయి. ఈత, కరాటే, చదరంగం, బొమ్మలు వేయడం. ఈమధ్య వాటిలో విలువిద్య కూడా చేరింది. ఊరి బయట మామిడితోటలోనో, బడి మైదానంలోనో నాలుగు టార్గెట్లు నిలబెడతారు. పది విల్లులు తెస్తారు. వారం పది రోజులు పిల్లలచేత బాణాలు వేయిస్తారు. ఎనిమిదేళ్ల పిల్లకో పిల్లాడికో మొట్టమొదటిసారి విల్లు చేతికిచ్చేటప్పుడు పెద్దవాళ్లు ఏం చూసుకోవాలి, ఏది ముందు నేర్పాలి, ఏది వెనక నేర్పాలి అన్నదే ఈ పూట మనం మాట్లాడుకునే విషయం.

ఈ ఆట మీద మన పిల్లలకు మోజు పెరగడంలో వింతేమీ లేదు. 2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ కప్పీలు బిగించిన కాంపౌండ్ విల్లుల విభాగంలో మూడు బంగారు పతకాలు గెలిచింది. ఆ మరుసటి ఏడు పారిస్ ఒలింపిక్స్‌లో విజయవాడ కుర్రాడే బొమ్మదేవర ధీరజ్, అంకితా భకత్‌తో జతకట్టి మిక్స్‌డ్ టీమ్ పోటీలో నాలుగో స్థానంలో నిలిచాడు. ఒలింపిక్స్ విలువిద్యలో మనవాళ్లు సెమీఫైనల్ దాకా వెళ్లడం అదే మొదలు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పోటీ కూడా పెడుతున్నారు. ఇవన్నీ టీవీలో చూసిన పిల్లలు "నేనూ వేస్తా" అంటారు మరి.

పతకాల మాట అలా ఉంచండి. అసలు విల్లు మన పిల్లలకు కొత్తదేం కాదు. చీపురుపుల్ల వంచి దారం కట్టి, ఇంకో పుల్ల సంధించి గోడ మీది బల్లికి గురిపెట్టనివాళ్లు మనలో తక్కువ. 1980ల చివర్లో దూరదర్శన్‌లో రామాయణం, దాని వెనకే మహాభారతం వచ్చిన రోజుల్లో, ఆదివారం పొద్దున సీరియల్ అయిపోగానే వీధివీధినా యుద్ధమే. ఆ ఆటల్లో పుల్ల కంట్లో గుచ్చుకుని ఆస్పత్రికి చేరిన పిల్లలూ ఉన్నారు. కంటి డాక్టర్లకు బాగా ఎరుకైన గాయం అది. వద్దంటే మానే వయసు కాదు వాళ్లది. సరదా ఎలాగూ ఉన్నప్పుడు, దానికో గీతా ఓ పద్ధతీ పెట్టి నేర్పడమే మేలు. శిబిరం వల్ల మొదటి లాభం ఇదే.

విలువిద్య పాఠమనగానే మనందరికీ గుర్తొచ్చేది ద్రోణాచార్యులవారు పెట్టిన పరీక్ష. చెట్టు మీద బొమ్మ పిట్టను పెట్టించి, శిష్యుల్ని ఒక్కొక్కరినే పిలిచి ఏం కనిపిస్తోందని అడిగారు. ధర్మరాజు చెట్టూ కనిపిస్తోందన్నాడు, తమరూ కనిపిస్తున్నారన్నాడు, తమ్ముళ్లూ కనిపిస్తున్నారన్నాడు. గురువుగారు ఆయన్ని పక్కకు తప్పుకోమన్నారు. అర్జునుడు వచ్చి పిట్ట తప్ప ఇంకేమీ కనిపించడం లేదన్నాడు. బళ్లో ఈ కథ చెప్పి, ఏకాగ్రత అంటే అర్జునుడిదిరా అంటాం.

శిబిరంలో మొదటి రోజు మాత్రం ధర్మరాజు చెప్పిందే సరైన జవాబంటాను నేను. విల్లు పట్టిన పిల్లవాడికి ముందు చుట్టూ ఉన్నదంతా కనిపించాలి. టార్గెట్ వెనక ఎవరైనా నడుస్తున్నారా? పక్కవాడు గీత దాటి ముందుకు వెళ్లాడా? కుక్కో దూడో అడ్డం వచ్చిందా? సారు చెయ్యెత్తారా? ఇవన్నీ చూసుకుని, ఏ అడ్డూ లేదని తేలాక, అప్పుడు కదా పిట్ట! అర్జునుడు అంత నిశ్చింతగా పిట్ట ఒక్కదాన్నే చూడగలిగాడంటే, మిగతావన్నీ చూసుకోవడానికి ద్రోణుడంతటివాడు పక్కనే ఉన్నాడు. మన శిబిరంలో పాతికమంది పిల్లలుంటారు. అందుకే ముందు ధర్మరాజు, తర్వాత అర్జునుడు. వరుస తప్పితే ప్రమాదం.

అన్నీ చూసుకోవడమన్నది మైదానంతోనే మొదలవుతుంది. బాణాలు ఉత్తరం వైపు వెళ్లేటట్టు మైదానం గీయాలి. భూమధ్యరేఖకు ఇటువైపు దేశాల్లో అంతర్జాతీయ పోటీలకు కూడా అదే పద్ధతి. మన మే నెల ఎండలకు పొద్దున ఎనిమిదింటికల్లా ఆట ముగించాలి. ఆ వేళప్పుడు తూర్పు ముఖంగా నిలబెడితే పిల్లలు కళ్లు చికిలించుకుంటూ వేస్తారు. టార్గెట్ల వెనక బాణాలాపే వలగానీ మట్టికట్టగానీ ఉండాలి. కాలిబాట, పశువులు మేసే బీడు, ఇళ్లు ఉండకూడదు. నేలమీద సున్నంతో రెండు గీతలు గీయాలి. ముందరిది బాణం వేసే గీత. దానికి అయిదు మీటర్లు వెనకగా, వంతు కోసం ఆగే గీత. వేసేవాళ్లంతా ఒకే గీత మీద నిలబడాలి. మరీ చిన్నపిల్లలకు దూరం తగ్గించాలంటే టార్గెట్‌ను ఇటు జరపాలి గానీ, పిల్లల్ని అటు జరపకూడదు. ఒకడు ముందు, ఒకడు వెనక నిలబడితే వెనకవాడి బాణం దారిలో ముందువాడి వీపుంటుంది.

తర్వాత ఈలలు. రెండు ఈలలు వేస్తే గీత దగ్గరికి రమ్మని. ఒక ఈల వేస్తే బాణాలు వేయమని. మూడు ఈలలు వేస్తే, ఇక వేయడం అయిపోయింది, వెళ్లి బాణాలు తెచ్చుకోమని. అయిదారు ఈలలు గబగబా వినిపిస్తే మాత్రం ఎక్కడివాళ్లక్కడ ఆగిపోవాలి, ఎక్కుపెట్టిన బాణమైనా సరే దించేయాలి. ప్రపంచమంతటా పోటీల్లో దాదాపు ఇవే గుర్తులు. విల్లులు బయటికి తీయకముందే, వట్టి చేతులతో ఈ ఈలల ఆట ఆడించండి. మూడు ఈలలకు పరుగెత్తినవాళ్లు వెనక్కి వచ్చి మళ్లీ నడవాలి. అయిదు ఈలలకు కదిలినవాళ్లు ఔటు. పిల్లలకు ఇది పాఠమనే అనిపించదు. గంట తిరిగేసరికి ఈల వినగానే కాళ్లు వాటంతటవే ఆగుతాయి. ఇది రాని పిల్లకు విల్లు ఇవ్వకండి, వచ్చిన పిల్లకు ఆలస్యం చేయకండి.

ఇప్పుడు విల్లు సంగతి. విల్లు బరువంటే తూకం వేస్తే వచ్చే బరువు కాదు. నారి లాగడానికి పట్టే బలం. దాన్ని పౌండ్లలో చెబుతారు. ఒలింపిక్స్‌లో మగవాళ్లు నలభై పౌండ్లు దాటిన విల్లులతో 70 మీటర్ల దూరం వేస్తారు. మన ఎనిమిదేళ్ల పాపకు పది నుంచి పదిహేను పౌండ్లు చాలు. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో 2002లో బడిపిల్లలకు విలువిద్య నేర్పే కార్యక్రమం మొదలుపెట్టారు. పిల్లలందరికీ ఒకే రకం విల్లు. దాని బలాన్ని పది నుంచి ఇరవై పౌండ్ల మధ్య ఎంతకు కావాలంటే అంతకు బిగించుకోవచ్చు. చెయ్యి పొట్టిదైనా పొడుగుదైనా సరిపోతుంది. దూరం పది మీటర్లు, మహా అయితే పదిహేను. విల్లు పిల్లకు సరిపోవాలి తప్ప, పిల్లను విల్లుకు సరిపెట్టకూడదన్నదే ఆ ఏర్పాటు వెనకున్న ఆలోచన.

సరిపోయిందో లేదో తెలుసుకోవడం తేలికే. నారి లాగి, నిదానంగా పది అంకెలు లెక్కపెట్టేదాకా చెయ్యి వణక్కుండా పట్టుకోగలిగితే సరిపోయినట్టు. లాగేటప్పుడు నడుము వెనక్కి వాలినా, భుజం చెవిదాకా లేచినా, బాణం మొన ఆకాశం వైపు తిరిగినా ఆ విల్లు ఆ పిల్లకు ఎక్కువ. అప్పుడు "ఇంకా గట్టిగా లాగు నాన్నా" అనకండి. తేలిక విల్లు తెచ్చివ్వండి. ఇంకా ఎదిగే భుజాలవి.

చేతిలో విల్లు పడగానే ప్రతి పిల్లా చేసే పని ఒకటుంది. బాణం లేకుండానే నారి లాగి టప్పున వదలడం. దీన్ని మొదటి నిమిషంలోనే మాన్పించాలి. వంగిన విల్లు దాచుకున్న శక్తి అంతా మామూలుగా బాణంలోకి పోతుంది. బాణమే లేకపోతే ఆ శక్తి తిరిగి విల్లుకే తగులుతుంది. విల్లు కొమ్మలు చీలిపోవచ్చు, నారి తెగి మొహం మీద కొట్టొచ్చు. కారణం చెబితే పిల్లలు వింటారు. "ముట్టుకోవద్దు" అని ఊరుకుంటే మనం అటు తిరగ్గానే లాగుతారు.

ఏ చేత్తో పట్టాలన్నది ఇంకో ప్రశ్న. కుడిచేతి వాటమైతే ఎడమచేత్తో విల్లు పట్టి కుడిచేత్తో లాగుతారని అందరికీ తెలుసు. అయితే విలువిద్యలో చేతి వాటం కన్నా కంటి వాటం ముఖ్యం. రెండు అరచేతులూ ముందుకు చాపి, మధ్యలో చిన్న సందు ఉండేటట్టు కలిపి, ఆ సందులోంచి దూరంగా ఉన్న చెట్టు మొదలు చూడమనండి. అలా చూస్తూ ఒక్కో కన్ను మూయమనండి. ఏ కన్ను తెరిచినప్పుడు చెట్టు అక్కడే కనిపిస్తుందో అదే గట్టి కన్ను. ఆ కన్నున్న వైపు చేత్తో లాగడం నేర్పితే గురి తేలిగ్గా కుదురుతుంది. కాబట్టి తెచ్చే విల్లుల్లో ఎడమచేతి వాటానివి కూడా ఉండాలి. పుర్రచేతి పిల్లల్ని "కుడిచేత్తో చెయ్యి" అని అదిలించే అలవాటు మన ఇళ్లలో ఇంకా పోలేదు. కనీసం ఈ మైదానంలోనైనా ఆ మాట వినిపించకూడదు. రెండు చేతులా బాణాలు వేసే అర్జునుణ్ణి సవ్యసాచి అని మెచ్చుకున్న వాళ్లం మనం!

గీత దగ్గరికి వచ్చేముందు బట్టలు చూసుకోవాలి. చున్నీ నడుముకు బిగించాలి, జడ వెనక్కి వేయాలి, గాజులు, గొలుసులు తీసేయాలి. విల్లు పట్టిన ముంజేతికి ఆర్మ్ గార్డ్, లాగే వేళ్లకు తోలు ట్యాబ్ ఉండాలి. ఇవి లేకుండా వేయిస్తే నారి వెళ్తూ వెళ్తూ ముంజేతిని చరుస్తుంది. ఆ మంట తగిలిన పిల్ల, మళ్లీ బాణం వదిలే క్షణంలో భయంతో చెయ్యి లాక్కుంటుంది. ఒకసారి పట్టుకున్న ఆ భయం వదిలించడం బహు కష్టం.

సరే, మొదటి బాణం. పాప గీతకు అటో కాలు ఇటో కాలు వేసి, టార్గెట్ వైపు పక్కకు తిరిగి నిలబడింది. బాణానికి మూడు ఈకలుంటాయి, వాటిలో ఒకటి వేరే రంగు. ఆ రంగు ఈక విల్లుకు అవతలి వైపు ఉండేటట్టు పట్టుకుని, బాణం చివరి గాడిని నారికి నొక్కితే టిక్కుమని చప్పుడొస్తుంది. ఆ టిక్కు వినేదాకా లాగకూడదు. ఇప్పుడు మూడు వేళ్లు నారి మీదికి వస్తాయి. పెద్దవాళ్లు బాణానికి పైన ఒక వేలు, కింద రెండు వేళ్లు ఉంచుతారు. చిన్నపిల్లలకైతే మూడూ కిందే ఉంచడం మంచిది. ఎందుకంటే పిల్లలు భయంకొద్దీ బాణాన్ని రెండు వేళ్లతో నొక్కి పట్టుకుంటారు. నొక్కగానే బాణం పక్కకు తిరిగి విల్లు మీంచి జారిపోతుంది. పాప దాన్ని మళ్లీ ఎక్కిస్తుంది, మళ్లీ జారుతుంది. ఇక విల్లు పట్టిన చేతి చూపుడువేలు పైకెత్తి బాణానికి అడ్డం పెడుతుంది. అలా పెట్టి వదిలితే ఈక ఆ వేలిని కోస్తుంది. ఇక్కడ మనం చెప్పాల్సింది ఒక్క మాటే: "అమ్మా, బాణాన్ని పట్టుకోకు, నారిని పట్టుకో. నీళ్ల బకెట్ ఎత్తేటప్పుడు వేళ్లెలా వంచుతావో అలా." వేళ్లు కొక్కెంలా వంగగానే బాణం ఉన్నచోటే ఉంటుంది. నారిని పెదవి మూల దాకా తెచ్చి, ఒక్క క్షణం ఆగి, వేళ్లు వదులు చేస్తే బాణం దానంతటదే వెళ్లిపోతుంది.

నారి లాగేది మూడు వేళ్లే, బొటనవేలికి పనేమీ లేదని చెప్పగానే పిల్లలు, ద్రోణుడికి బొటనవేలు గురుదక్షిణగా ఇచ్చిన ఏకలవ్యుడి సంగతి అడిగి తీరతారు. అడగాలి కూడా. ఆసియా దేశాల్లో చాలాచోట్ల పూర్వం బొటనవేలితోనే నారి లాగేవాళ్లు, వేలికి ఉంగరం కూడా తొడుక్కునేవాళ్లు అని చెప్పండి. ఆ కథలో గురుదక్షిణ ఎంత పెద్దదో వాళ్లకే అర్థమవుతుంది.

మొదటి రోజు టార్గెట్ మీద రంగుల కాగితం అంటించకండి. అయిదు మీటర్ల దూరంలో వట్టి గడ్డిమోపో ఫోమ్ దిమ్మో చాలు. రంగుల వలయాలు ఎదురుగా ఉంటే పిల్ల మనసంతా పసుపు రంగు మీదే ఉంటుంది. కాళ్లెలా ఉన్నాయో, వేళ్లెక్కడున్నాయో పట్టించుకోదు. కాగితం లేకపోతే గెలుపూ లేదు, ఓటమీ లేదు. తన ఒళ్లు ఏం చేస్తోందో తనకు తెలుస్తుంది.

రెండో రోజో మూడో రోజో కాగితం అంటిస్తాం. మధ్యలో పసుపు, దాని చుట్టూ ఎరుపు, నీలం, నలుపు, తెలుపు. లోపలి నుంచి బయటికి పది నుంచి ఒకటి దాకా పాయింట్లు. అప్పుడు పెద్దవాళ్లకు ఓ పరీక్ష వస్తుంది. ఒక బాబు మూడు బాణాలు వేశాడు. ఒకటి పసుపులో, ఒకటి తెలుపులో, ఒకటి గడ్డిలో. ఒక పాప మూడు బాణాలు వేసింది. మూడూ కింద ఎడమ మూల నలుపులో, పక్కపక్కనే. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టేది బాబుకు. మెచ్చుకోవాల్సింది పాపను. ఆ పాప మూడుసార్లూ ఒకే పని ఒకేలా చేసింది. గురిని కాస్త పైకి, కుడికి మారిస్తే ఆ గుంపంతా మధ్యకు వచ్చేస్తుంది. బాబుకు పసుపులో ఎందుకు పడిందో బాబుకే తెలియదు. మొదటి వారం పాయింట్లు కలపకండి, బాణాలు ఎంత దగ్గరగా పడ్డాయో చూడండి. ఓడిపోతానేమోనని వణికే పిల్లలకు కూడా ఈ లెక్క ధైర్యమిస్తుంది.

వేయడం కన్నా తీసుకురావడంలో ఎక్కువ జాగ్రత్త కావాలి. మూడు ఈలలయ్యాక నడిచే వెళ్లాలి. టార్గెట్‌లో దిగిన బాణాల తోకలు సరిగ్గా పిల్లల మొహం ఎత్తులో మనవైపు చూస్తుంటాయి. పరుగెత్తి తూలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఒక్కో టార్గెట్ దగ్గర ఒక్కరే బాణాలు తీయాలి, మిగతావాళ్లు రెండు బారల దూరంలో పక్కకు నిలబడాలి. ఒక అరచెయ్యి టార్గెట్‌కు ఆనించి, రెండో చేత్తో బాణాన్ని మొదట్లో, అంటే టార్గెట్‌కు దగ్గరగా పట్టుకుని, నిటారుగా లాగాలి. లాగేముందు వెనక్కి తిరిగి ఎవరూ లేరని చూసుకోవాలి. మళ్లీ ధర్మరాజే! గడ్డిలో దూరిపోయిన బాణాల్ని అడుగు తీసి అడుగు వేస్తూ వెతికించండి. ఒక్క బాణం లెక్క తగ్గినా తర్వాతి వంతు మొదలుపెట్టవద్దు.

మూడేసి బాణాలు చొప్పున పది వంతులు వేసేసరికి చిన్నపిల్లలు అలిసిపోతారు. అక్కడితో ఆపి, నీళ్లిచ్చి, నీడన కూర్చోబెట్టాలి. చివరి రోజుల్లో టార్గెట్ మీద బెలూన్లు కట్టండి. బెలూన్ పగిలిన చప్పుడుకు వాళ్ల మొహాలు చూడాలి!

ఆరేళ్లలోపు పిల్లల్ని కూడా చేర్చుకోమని కొందరు తల్లిదండ్రులు పట్టుబడతారు. 2015లో విజయవాడలో మూడేళ్లు నిండని చిన్నారి అయిదు, ఏడు మీటర్ల దూరాల నుంచి బాణాలు వేసి రికార్డు పుస్తకంలోకెక్కిన మాట నిజమే. ఆ పాప విలువిద్యే ఊపిరిగా ఉన్న ఇంట్లో పుట్టింది. నేర్పేవాళ్లు ఇంట్లోనే ఉన్నారు. పాతికమంది మధ్య వదిలే శిబిరానికి ఆ పోలిక పనికిరాదు. అంత చిన్నవాళ్లకు రబ్బరు మూతి బాణాలు, మెత్తటి టార్గెట్లు ఇచ్చి విడిగా ఆడించండి. ఈలలు మాత్రం వాళ్లకూ అవే.

వయసు విషయంలో గట్టిగా ఉండండి గానీ, అవిటితనం పేరుతో ఏ పిల్లనూ పక్కన కూర్చోబెట్టకండి. జమ్మూకశ్మీర్‌కు చెందిన శీతల్ దేవికి పుట్టుకతో చేతుల్లేవు. కుర్చీలో కూర్చుని, కాలితో విల్లు పట్టి వేస్తుంది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో రాకేశ్ కుమార్‌తో కలిసి కాంస్యం గెలిచింది. చక్రాల కుర్చీలో వచ్చిన పిల్ల కూడా అదే గీత మీద, అందరి పక్కనే వేయగల ఆట ఇది. అలాగే ఖరీదైన సామాను లేదని వెనకాడనక్కర్లేదు. రాజస్థాన్ ఆదివాసీ కుటుంబంలో పుట్టిన లింబారామ్ వెదురు విల్లుతో మొదలుపెట్టి మూడు ఒలింపిక్స్ ఆడాడు. వెదురు విల్లుల కోసం మన దేశంలో ఇండియన్ రౌండ్ అని ప్రత్యేక విభాగమే ఉంది. మన ఏజెన్సీ ఊళ్లలో విల్లు ఎరిగిన పెద్దలున్నారు. దగ్గర్లో ఉంటే ఒక పూట వాళ్లను పిలిపించండి. బాణం ఎలా చెక్కుతారో పిల్లల్ని చూడనివ్వండి.

తల్లిదండ్రులకు రెండు మాటలు. శిబిరం అవగానే పిల్ల అడిగిందని వేలు పోసి విల్లు కొనకండి. ఏడాది తిరిగేసరికి చెయ్యి పొడుగవుతుంది, బలం పెరుగుతుంది, ఆ విల్లు మూలపడుతుంది. నిజంగా ఇష్టముంటే శిక్షణ కేంద్రంలో చేర్చి, కొన్నాళ్లు అక్కడి విల్లుతోనే వేయనివ్వండి. ఇంటికొచ్చిన పిల్లను "ఎన్ని మధ్యలో పడ్డాయి?" అని అడక్కండి. "అయిదు ఈలలు వినిపిస్తే ఏం చేస్తారు?" అని అడగండి. ఠక్కున జవాబు వస్తే శిబిరం సరిగ్గా నడుస్తున్నట్టు. రాకపోతే మర్నాడు మీరే వెళ్లి మైదానం చూసి రండి.

నిర్వాహకులకు ఒక్క మాట. శిక్షణ పొందిన మనిషి లేకుండా, చేతిలో ఈల లేకుండా, నేలమీద గీత లేకుండా విలువిద్య పెట్టకండి. ఆ ఏడాదికి కబడ్డీయో ఖోఖోయో ఆడించండి, పిల్లలకేం లోటు రాదు. విల్లు మరుసటి వేసవిలోనైనా పట్టించవచ్చు.